బాధకు కారణం: మత విశ్వాసాలు

మనిషికి కష్టం ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు మతాలు రకరకాల సమాధానాలు చెబుతాయి. వాటిలో సికింద్రాబాద్ ప్రాంతంలో బాగా వేళ్లూనుకున్నది అమ్మవారి ఆగ్రహమన్న నమ్మకం. 1813లో కలరా ప్రబలినప్పుడు, ఉజ్జయినిలో ఉన్న సైనికోద్యోగి సురిటి అప్పయ్య రోగం తగ్గితే మహంకాళిని ఇక్కడ ప్రతిష్ఠిస్తానని మొక్కుకున్నాడనీ, 1815లో తిరిగొచ్చి కొయ్య విగ్రహం నిలిపాడనీ స్థలచరిత్ర. ఏటా ఆషాఢంలో బోనాల మర్నాడు జరిగే రంగంలో, పచ్చికుండపై నిలబడిన స్త్రీ అమ్మవారి మాటగా భవిష్యవాణి వినిపిస్తుంది. వానలూ పంటల కబుర్లతో పాటు పూజల్లో లోపాలపై నిష్ఠూరాలూ అందులో ఉంటాయి. ఈ నమ్మకంలో కోపగించే తల్లే కాపాడే తల్లి కూడా. అందుకే మొక్కుబడికి అంత విలువ.

కర్మ సిద్ధాంతంలో ఇలాంటి బేరానికి చోటు తక్కువ. ప్రారబ్ధం అనుభవించి తీరాల్సిందే. జైనంలో కర్మ అంటే జీవుణ్ని అంటుకునే సూక్ష్మ పదార్థం. బౌద్ధం తృష్ణను వేలెత్తి చూపుతుంది. ఇస్లాంలో కష్టం అల్లాహ్ పెట్టే పరీక్ష, దానికి తగిన జవాబు సబ్ర్, అంటే ఓర్పు. బైబిల్లోని యోబు కథ వీటన్నిటికన్నా ఇబ్బంది పెడుతుంది: నీతిమంతుడు సర్వం పోగొట్టుకుంటాడు, ఎందుకో మాత్రం దేవుడు అతనికి చెప్పడు.

రోగానికి మతం బయటి వివరణ కూడా ఇదే సికింద్రాబాద్ ప్రాంతంలో దొరికింది: 1897 ఆగస్టు 20న వైద్యుడు రోనాల్డ్ రాస్ బేగంపేటలో అనాఫిలిస్ దోమ జీర్ణాశయం గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. మలేరియా జ్వరం దోమ ద్వారా వ్యాపిస్తుందనడానికి భౌతిక ఆధారం దొరికింది. రాస్ మాత్రం దాన్ని దేవుడి కరుణగానే తలచి కృతజ్ఞతతో పద్యం రాశాడు.