నెమలిని దాచేసిన నాన్న

నూనెరంగుల్లో పక్షి బొమ్మ అనగానే మనం ఏం ఆశిస్తాం? ఈక ఈకా విడిగా కనబడాలి, కన్ను తళుక్కుమనాలి. 1907లో అమెరికాలో ఒకాయన దీనికి సరిగ్గా తలకిందులుగా, వెతికితే తప్ప కనబడని నెమలిని వేశాడు. మెడ నీలం ఆకుల సందుల్లోంచి కనిపించే ఆకాశంలో కలిసిపోయింది. పింఛం అడవి నేల మీద పడ్డ ఎండా నీడల్లో కరిగిపోయింది. ఆ బొమ్మ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి మ్యూజియంలో ఉంది.

ఆయన పేరు అబ్బట్ థేయర్ (1849-1921). సొంత పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి దేవతల బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్నాడు. భార్య కేట్ మానసిక వ్యాధితో బాధపడి 1891లో ఆసుపత్రిలోనే పోయింది. అదే ఏడాది కుటుంబ స్నేహితురాలు ఎమ్మా బీచ్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆమే కేట్ పిల్లలు ముగ్గురినీ పెంచింది. ఆమె కూడా చిత్రకారిణే. తర్వాత న్యూహాంప్‌షైర్‌లోని డబ్లిన్ అనే పల్లెలో కాపురం. క్షయ వస్తుందన్న భయంతో గడ్డకట్టే చలిలో కూడా అందరూ ఆరుబయటే పడుకునేవారట! పిల్లలకి బడి లేదు, అడవీ పక్షులే చదువు.

థేయర్ కనిపెట్టింది చిన్న విషయం కాదు. చాలా జీవులకి వీపు ముదురు రంగు, పొట్ట లేత రంగు. ఎండ పైనుంచి పడుతుంది కాబట్టి రెండూ సరిపోయి, ఒళ్ళు గుండ్రంగా కాక చదునుగా అనిపించి చూపుకి ఆనదు. 1896లో పక్షి శాస్త్రవేత్తల ముందు ఆయన దీన్ని దేనితో రుజువు చేశాడో తెలుసా? చిలగడదుంపలతో! పైన మట్టిరంగు, కింద తెలుపు పూసినవి దూరం నుంచి కనబడలేదు, పూయనివి కనబడ్డాయి. ఈ సూత్రం ఇప్పటికీ నిలిచింది.

అక్కడితో ఆగితే బాగుండేది. ప్రతి పక్షి రంగూ దాక్కోడానికే అన్నాడు. గులాబీ రంగు ఫ్లెమింగోలు సూర్యోదయ సూర్యాస్తమయాల్లో ఆకాశంలో కలిసిపోతాయన్నాడు. మరి మధ్యాహ్నం మాటేమిటి? అధ్యక్ష పదవి దిగిన థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆయన్ని గట్టిగానే ఉతికేశాడు.

1909లో వచ్చిన పుస్తకానికి రచయిత కొడుకు జెరాల్డ్, ఆలోచన తండ్రిది. నెమలి బొమ్మలో శిష్యుడు రిచర్డ్ మెరీమన్ చెయ్యి కూడా ఉంది. బొమ్మల పనిలో ఎమ్మా కూడా పాలుపంచుకుంది. కానీ ఈ కథ చెప్పేవాళ్ళు ఆమె దగ్గర ఆగరు. ఇంటిల్లిపాదీ ఒకరి పట్టుదల చుట్టూ తిరగడం మనకి కొత్తేం కాదు కదా!

నాకు బాగా గుచ్చుకున్నది ఇంకొకటి. మగ నెమలి పింఛం అంత అందంగా ఉండటానికి కారణం ఆడ నెమలి ఎంపిక అని డార్విన్ 1871లోనే రాశాడు. థేయర్ ఒప్పుకోలేదు. ఆయన లెక్కలో ఆ పక్షిని చూసేది ఒక్క శత్రువే. ఆడ నెమలికి కూడా కళ్ళున్నాయనీ, నచ్చినదాన్ని ఎంచుకునే బుద్ధి ఉందనీ ఆయనకి తట్టలేదు.

అయినా ఆ బొమ్మంటే నాకిష్టమే. సిద్ధాంతం తప్పినా, ఆకుల మధ్య వెలుగుని చూసిన ఆ కన్ను తప్పలేదు. మీరూ ఓసారి ఆ బొమ్మ వెతికి చూడండి, నెమలి ఎంతసేపటికి దొరికిందో నాకు చెప్పండి.