హైదరాబాద్‌లో షేరింగ్ సైకిల్, ఈ-బైక్: కిరాయికి తీసుకునే ముందు ఇవి తెలుసుకోండి

పెద్దవంగర, తొర్రూరు, పాలకుర్తి వైపు నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్లు ఉప్పల్‌లో బస్సు దిగితే మెట్రోలో నేరుగా రాయదుర్గం దాకా వెళ్లిపోవచ్చు. అసలు ఇబ్బంది రైలు దిగాకే మొదలవుతుంది. స్టేషన్ నుంచి హాస్టల్‌కో, ఆఫీసుకో ఇంకో రెండు మూడు కిలోమీటర్లు ఉంటుంది. నడవాలంటే దూరం, ఆటో ఎక్కితే రోజూ ఖర్చు. ఈ చివరి రెండు కిలోమీటర్ల కోసం వచ్చినవే షేరింగ్ సైకిళ్లు, ఎలక్ట్రిక్ బైకులు. కొన్ని కంపెనీలు వచ్చాయి, కొన్ని వెళ్లిపోయాయి. అవి ఎలా నడుస్తాయి, రూల్స్ ఏంటి, డబ్బులు ఎక్కడ పోతాయో చూద్దాం.

ఎలా పనిచేస్తుంది?

ఒకప్పుడు ఊళ్లలో సైకిల్ షాపులో గంటకు ఇంత అని కిరాయి కట్టి సైకిల్ తీసుకునేవాళ్లు. షాపాయన మనిషిని గుర్తుపట్టి ఇచ్చేవాడు. ఇప్పుడు ఆ పని యాప్ చేస్తోంది. ఫోన్ నంబర్‌తో రిజిస్టర్ అయ్యి, వాలెట్‌లో డబ్బులు వేసి, బండి మీదున్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే లాక్ తెరుచుకుంటుంది. బండి ఎక్కడుందో జీపీఎస్ చెబుతుంది. నిమిషాలు, గంటలు లేదా రోజుల లెక్కన చార్జీ పడుతుంది.

వీటిలో రెండు రకాలున్నాయి. ఒకటి స్టాండ్ ఉన్నది. అంటే ఒక స్టాండ్‌లో తీసి మరో స్టాండ్‌లో పెట్టాలి. రెండోది స్టాండ్ లేనిది. యాప్‌లో చూపించిన పార్కింగ్ జోన్‌లో ఎక్కడైనా ఆపొచ్చు. జోన్ బయట ఆపితే రైడ్ ముగియకపోవచ్చు, లేదంటే అదనపు చార్జీ పడొచ్చు.

ఐడియా ఎక్కడిది?

1965లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కొందరు యువకులు సైకిళ్లకు తెల్ల రంగు వేసి, తాళం లేకుండా అందరికీ వదిలారు. పోలీసులు వాటిని తీసుకెళ్లిపోయారు. 2007లో పారిస్‌లో వెలిబ్ మొదలయ్యాక ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. మన దేశంలో 2017 జూన్‌లో మైసూరులో 'ట్రిన్ ట్రిన్' పేరుతో 450 సైకిళ్లతో ప్రారంభమైంది.

హైదరాబాద్‌లో ఏం జరిగింది?

2017 నవంబర్ 28న హైదరాబాద్ మెట్రో ప్రారంభమైంది. ఆ తర్వాత స్టేషన్ల దగ్గర స్మార్ట్‌బైక్, జూమ్‌కార్ వాళ్ల పెడల్ సైకిళ్లు కనిపించాయి. స్కూటర్లతో వోగో, బౌన్స్ లాంటి కంపెనీలు కూడా వచ్చాయి. 2020 లాక్‌డౌన్‌తో ఆఫీసులు, కాలేజీలు మూతపడ్డాయి. మెట్రో కూడా ఆగింది. షేరింగ్ బండ్లకు గిరాకీ పడిపోయింది. బౌన్స్ 2021లో సొంతంగా ఎలక్ట్రిక్ స్కూటర్ తయారీకి దిగింది. వోగోను 2022లో చలో సంస్థ కొనేసింది.

సైకిళ్లు ఎందుకు నిలబడలేదు?

మొదటి కారణం రోడ్డే. బస్సులు, లారీల మధ్య సైకిల్ తొక్కాలంటే భయం. 2023 అక్టోబర్ 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. అది పొద్దున్నే వ్యాయామం చేసేవాళ్లకు బాగుంటుంది. కానీ మెట్రో దిగి ఆఫీసుకు వెళ్లేవాళ్లకు కావాల్సింది స్టేషన్ చుట్టూ ఉండే దారి.

రెండోది లెక్క కుదరకపోవడం. పొద్దున అందరూ స్టేషన్ నుంచి ఆఫీసుల వైపే వెళ్తారు. గంటలో స్టాండ్ ఖాళీ అయిపోతుంది. ఆ సైకిళ్లను మళ్లీ వెనక్కి తేవడానికి వ్యాన్, మనుషులు కావాలి. పంక్చర్లు, రిపేర్లు వేరే ఖర్చు. చార్జీ పెంచితే జనం ఆటోనే ఎక్కుతారు.

ఇప్పుడు గిరాకీ ఎవరిది?

ఈ-బైకులకు ఇప్పుడు పెద్ద కస్టమర్లు డెలివరీ బాయ్స్. సొంత బండి లేకపోయినా పనిలో చేరొచ్చు, పెట్రోల్ ఖర్చు ఉండదు. చార్జింగ్ అయిపోతే స్వాప్ సెంటర్‌లో బ్యాటరీ మార్చుకుంటే చాలు. ఊరి నుంచి కొత్తగా వెళ్లిన కుర్రాళ్లకు ఇది పనికొచ్చే దారే.

అయితే లెక్క వేసుకోవాలి. ఉదాహరణకు రోజు కిరాయి 200 రూపాయలు అనుకుంటే నెలకు 6,000 అవుతుంది. ఆర్డర్లు రాని రోజు, జ్వరమొచ్చి పడుకున్న రోజు కూడా ప్లాన్‌ను బట్టి కిరాయి పడుతూనే ఉండొచ్చు. ఎక్కువ కాలం నడపాలనుకుంటే సొంత బండి ఈఎంఐతో పోల్చి చూసుకోవడం మంచిది. తెలంగాణలో ఎలక్ట్రిక్ టూవీలర్లకు 2026 డిసెంబర్ 31 వరకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది.

లైసెన్స్ కావాలా?

ఇది బండిని బట్టి ఉంటుంది. మోటార్ సామర్థ్యం 250 వాట్ల కంటే, వేగం గంటకు 25 కిలోమీటర్ల కంటే తక్కువ ఉండి, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు దాటకపోతే ఆ బండికి లైసెన్స్, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అది దాటితే రెండూ తప్పనిసరి, హెల్మెట్ కూడా. కిరాయికిచ్చే పెట్రోల్ బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. ఎలక్ట్రిక్ అయితే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు.

ఇక్కడే చాలామంది గమనించని విషయం ఒకటుంది. రిజిస్ట్రేషన్ అక్కర్లేని బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా తప్పనిసరి కాదు. యాక్సిడెంట్ అయితే ఆసుపత్రి ఖర్చు, ఎదుటివాళ్ల నష్టం ఎవరు భరించాలన్న గొడవ వస్తుంది. అప్పుడు ముందుగా చూసేది యాప్‌లో చదవకుండా 'ఓకే' నొక్కిన షరతులనే.

తీసుకునే ముందు చెక్ చేసుకోండి

- డిపాజిట్ ఎంత? ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు?
- ఇన్సూరెన్స్ ఉందా? ఎవరికి, ఎంత వరకు వర్తిస్తుంది?
- బండి పోయినా, పాడైనా ఎంత కట్టాలి?
- పార్కింగ్ జోన్ మీరు దిగే చోట ఉందా?
- ఎక్కే ముందు బ్రేకులు, టైర్లు చూసి, బండి నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. పాత గీతలకు మీ దగ్గర డబ్బులు అడిగితే అవే సాక్ష్యం.
- బండి అప్పగించాక యాప్‌లో రైడ్ ముగిసినట్టు చూపించే స్క్రీన్‌షాట్ దాచుకోండి.
- లైసెన్స్ అక్కర్లేని బండి అయినా హెల్మెట్ పెట్టుకోండి.