గల్ఫ్‌లో బిడ్డ పుట్టిందా? ఏడాదిలోగా ఈ పని చేయకపోతే చిక్కులే.. రిజిస్ట్రేషన్ నుంచి పాస్‌పోర్ట్ దాకా పూర్తి వివరాలు

పి.గన్నవరం: కోనసీమలో గల్ఫ్‌తో సంబంధం లేని ఊరు అరుదు. పి.గన్నవరం, రాజోలు, అమలాపురం.. ఎటు వెళ్లినా కువైట్‌లోనో, దుబాయ్‌లోనో, ఖతార్‌లోనో ఒకరు ఉన్న ఇల్లు కనిపిస్తుంది. కొందరు కుటుంబంతో అక్కడే ఉంటారు. పిల్లలు కూడా అక్కడే పుడతారు. వీడియో కాల్‌లో మనవడిని చూసి ఇక్కడ తాతయ్య, అమ్మమ్మ మురిసిపోతారు. కానీ ఆ బిడ్డ ఇండియా రావాలంటే పాస్‌పోర్ట్ కావాలి. దానికంటే ముందు, ఆ బిడ్డ భారత పౌరుడని రికార్డుల్లోకి ఎక్కాలి. చాలామంది పొరపడేది ఇక్కడే.

అక్కడ పుడితే ఆ దేశ పౌరసత్వం రాదా?

రాదు. గల్ఫ్ దేశాల్లో పుట్టినంత మాత్రాన పౌరసత్వం ఇవ్వరు. అక్కడ ప్రధానంగా తండ్రి పౌరసత్వమే లెక్క. కాబట్టి భారతీయ దంపతులకు అక్కడ పుట్టిన బిడ్డకు ఆధారం మన చట్టమే. అదే 1955 పౌరసత్వ చట్టంలోని సెక్షన్ 4. ఇక్కడ రిజిస్ట్రేషన్ చేయించకపోతే, బిడ్డ ఏ దేశ పౌరుడన్నదానికి చేతిలో ఒక్క కాగితం కూడా ఉండదు.

పుట్టిన తేదీని బట్టి రూల్ మారుతుంది

* 1950 జనవరి 26 నుంచి 1992 డిసెంబర్ 9 వరకు విదేశాల్లో పుట్టినవారు: తండ్రి భారత పౌరుడై ఉండాలి. తల్లి మాత్రమే భారతీయురాలైతే చాలదు.
* 1992 డిసెంబర్ 10 నుంచి 2004 డిసెంబర్ 2 వరకు: తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు భారత పౌరులైతే చాలు.
* 2004 డిసెంబర్ 3 నుంచి: ఒకరు భారత పౌరులైతే చాలు. కానీ పుట్టిన ఏడాదిలోగా అక్కడి ఇండియన్ ఎంబసీ లేదా కాన్సులేట్‌లో జననాన్ని నమోదు చేయించాలి.

అంటే ఇప్పుడు పుట్టే పిల్లలందరికీ మూడో రూలే వర్తిస్తుంది. బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్ట్ లేదని తల్లిదండ్రులు రాతపూర్వకంగా హామీ కూడా ఇవ్వాలి.

ఏ పని ముందు, ఏది తర్వాత?

ముందుగా ఆస్పత్రి ఇచ్చిన జనన పత్రంతో ఆ దేశపు బర్త్ సర్టిఫికెట్ తీసుకోవాలి. దీనికి చాలాచోట్ల పెళ్లి సర్టిఫికెట్ అడుగుతారు. గుడిలోనో, చర్చిలోనో పెళ్లి చేసుకుని రిజిస్టర్ చేయించుకోకుండా విమానం ఎక్కినవారికి పని ఇక్కడే ఆగిపోతుంది. అందుకే వెళ్లకముందే పెళ్లి రిజిస్టర్ చేయించి, సర్టిఫికెట్‌కు అటెస్టేషన్ పూర్తి చేయించుకోవడం మంచిది.

ఆ తర్వాత ఇండియన్ సిటిజన్‌షిప్ ఆన్‌లైన్ పోర్టల్‌లో సెక్షన్ 4 కింద దరఖాస్తు నింపి, ప్రింట్ తీసి సంతకాలు చేయాలి. బిడ్డ బర్త్ సర్టిఫికెట్, తల్లిదండ్రుల పాస్‌పోర్ట్‌లు, వీసా లేదా అకామా కాపీలు, పెళ్లి సర్టిఫికెట్, బిడ్డ ఫొటోలు జతచేసి కాన్సులేట్‌కు లేదా వారి సేవా కేంద్రానికి ఇవ్వాలి. కాన్సులేట్ జనన నమోదు పత్రం ఇస్తుంది.

పాస్‌పోర్ట్ వచ్చేది దీని ఆధారంగానే. యూఏఈ లాంటి చోట్ల నవజాత శిశువులకు రెండు దరఖాస్తులూ కలిపి తీసుకుంటారు. తల్లిదండ్రులిద్దరూ సమ్మతి తెలిపే పత్రం అనెగ్జర్ డి. ఒక్కరే సంతకం పెట్టగలిగే పరిస్థితి ఉంటే అనెగ్జర్ సి ఇవ్వాలి. పిల్లల పాస్‌పోర్ట్ ఐదేళ్లే చెల్లుతుంది.

ఏడాది ఉందిలే అనుకోవద్దు

ఇక్కడ ఇంకో గడువు కూడా నడుస్తుంటుంది. బిడ్డకు రెసిడెన్స్ వీసా వేయించాలంటే పాస్‌పోర్ట్ ఉండాలి. యూఏఈలో పుట్టిన 120 రోజుల్లోగా ఆ వీసా పూర్తవ్వాలి. దాటితే రోజువారీ జరిమానా. కాబట్టి చేతిలో ఉన్నది ఏడాది కాదు, నాలుగు నెలలే.

పేరు దగ్గర జాగ్రత్త

అరబిక్ నుంచి ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు మన పేర్ల స్పెల్లింగ్ తేడా పడుతుంటుంది. తల్లిదండ్రుల పాస్‌పోర్ట్‌తో అక్షరం అక్షరం సరిచూసుకున్నాకే అటెస్టేషన్‌కు ఇవ్వాలి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేయొద్దు. పాస్‌పోర్ట్‌లో ఒకే పేరు ఉన్నవారికి విజిట్ వీసాపై ప్రవేశం ఉండదని యూఏఈ 2022 నవంబర్‌లో ప్రకటించింది.

ఏడాది దాటిపోతే?

దారి మూసుకుపోదు. కానీ కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఆలస్యానికి కారణం చెబుతూ కాన్సులేట్ ద్వారానే దరఖాస్తు చేయాలి. సమయం పడుతుంది.

ఎక్కువగా నష్టపోయేది ఇళ్లలో పనికి వెళ్లిన మహిళలు. వారికి సాధారణంగా కుటుంబ వీసా అవకాశం ఉండదు. యజమాని దగ్గర నుంచి బయటకు వచ్చేసి, అకామా లేకుండా ఉన్న సమయంలో బిడ్డ పుడితే పరిస్థితి మరీ కష్టం. బయటపడితే పట్టుకుంటారన్న భయంతో ఎంబసీ గడప తొక్కరు. పిల్లలు కాగితాలు లేకుండానే పెరుగుతారు, బడికి దూరమవుతారు.

ఇలాంటి వారికి క్షమాభిక్ష సమయం పెద్ద అవకాశం. 2024లో కువైట్‌లో మార్చి నుంచి, యూఏఈలో సెప్టెంబర్ నుంచి క్షమాభిక్ష అమలైంది. యూఏఈలో పుట్టి పత్రాలు లేని వారికి కూడా అందులో అవకాశం ఇచ్చారు. పాస్‌పోర్ట్ లేనివారి జాతీయతను నిర్ధారించుకున్నాక ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. అది ఇండియాకు ఒకవైపు ప్రయాణానికే పనికొస్తుంది.

ఇండియా వచ్చాక నమోదు చేయించుకోవచ్చా?

ఎంబసీలో నమోదు కాని బిడ్డతో స్థిరపడటానికి తిరిగొస్తే, బిడ్డ వచ్చిన 60 రోజుల్లోగా ఇక్కడ జననం నమోదు చేయించుకోవచ్చు. 1969 జనన మరణాల నమోదు చట్టంలోని సెక్షన్ 20 ఈ వీలు కల్పించింది. అయితే ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి.. జనన ధ్రువపత్రం వేరు, పౌరసత్వం వేరు. సెక్షన్ 4 రిజిస్ట్రేషన్‌కు ఇది బదులు కాదు.

మరి అమెరికా, బ్రిటన్‌లో?

అమెరికా పాస్‌పోర్ట్ తీసుకున్న బిడ్డను భారత పౌరుడిగా నమోదు చేయరు. మనకు ద్వంద్వ పౌరసత్వం లేదు, ఓసీఐ కార్డే మార్గం. బ్రిటన్‌లో మాత్రం 1983 నుంచి పుట్టుకతోనే పౌరసత్వం అందరికీ రాదు. వర్క్ వీసాపై ఉన్న తెలుగు దంపతుల బిడ్డకు గల్ఫ్‌లో లాగే భారత పాస్‌పోర్ట్ కావాలి.

సాయం ఎక్కడ?

పత్రాలు ఆగిపోతే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఏపీ వారు ఏపీఎన్ఆర్‌టీ సొసైటీని సంప్రదించవచ్చు. కోనసీమ కుటుంబాల కోసం జిల్లా యంత్రాంగం ఏర్పాటు చేసిన కోనసీమ సెంటర్ ఫర్ మైగ్రేషన్ కూడా ఉంది. అక్కడున్న వారు బయటకు రాలేని పరిస్థితిలో ఉంటే, ఇక్కడ ఊళ్లో ఉన్న తల్లిదండ్రులో, తోబుట్టువులో వారి తరఫున అడగొచ్చు. బిడ్డ పుట్టిన తేదీ, తల్లి పాస్‌పోర్ట్ కాపీ దగ్గర ఉంచుకుంటే చాలు.. పని అక్కడి నుంచే మొదలవుతుంది.