గోడలు ఎవరిని కాపాడాయి?

రుమేనియాలోని ట్రాన్సిల్వేనియాలో బియెర్తాన్ అనే ఊరుంది. గుట్ట మీద చర్చి, చుట్టూ మూడు వరుసల ప్రాకారం. 12వ శతాబ్దంలో హంగరీ రాజులు రప్పించిన సాక్సన్ జర్మన్ల వారసులు, టర్కుల దాడులకు భయపడి కట్టుకున్న కోట చర్చిల్లో ఇదొకటి. 1993లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

ప్రాకారంలో ఒక చిన్న గది చూశాను. విడాకులడిగిన భార్యాభర్తల్ని రోజుల తరబడి అందులో పెట్టేవారట. ఒకటే మంచం, ఒకటే కంచం, ఒకటే చెంచా. మూడొందల ఏళ్లలో ఒక్క జంటే విడిపోయిందని అక్కడ గొప్పగా చెబుతారు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కొట్టే మొగుడితో ఆ మంచం పంచుకున్న ఆడది ఏమని బయటపడి ఉంటుంది? 'సర్దుకుపోతాను' అనే కదా! మన పెద్దమనుషుల పంచాయితీలు గుర్తొచ్చాయి.

1945 జనవరిలో రుమేనియా జర్మన్లను సుమారు 70 వేలమందిని సోవియట్ శ్రమ శిబిరాలకు తరలించారు. 18 నుంచి 30 ఏళ్ల ఆడవాళ్లూ పోవాల్సిందే. ఏడాదిలోపు బిడ్డ ఉన్న తల్లులకు మినహాయింపు. పదమూడు నెలల బిడ్డ తల్లికి ఏ గోడా అడ్డు నిలవలేదు.

తర్వాత పియాత్రా క్రాయులుయి కొండలకు వెళ్లాను. 1938లోనే రక్షణ పొందిన అడవి అది. ఎలుగుబంట్లు, తోడేళ్లు తమ దారిన తాము తిరుగుతున్నాయి. వాటి జోలికి వెళ్లకపోవడమే అక్కడ రక్షణ. ఆ గదిలో ఆమె కోరుకున్నదీ అంతే.