నాలుగు బైట్ల తాళం

తలుపు లాగితే దానంతటదే తాళం పడిపోయే ఇళ్ళలో ఉండేవాళ్ళకి ఈ అవస్థ వేరే చెప్పక్కర్లేదు. కూరలబండి కేక విని గుమ్మం దాటుతాం, వెనకాల తలుపు 'టక్' మంటుంది, తాళంచెవి లోపల బల్లమీద! పొయ్యిమీద పప్పు కూడా ఉంటే ఇక చూడండి.

1997 నవంబరులో అచ్చం ఇలాంటి కథే బయటపడింది, ఇంటెల్ కంపెనీవారి పెంటియమ్ చిప్‌లో. కంప్యూటరుకి మెదడులాంటిది అది. దాన్ని ఉన్నపళంగా కొయ్యబార్చడానికి ఎంత ప్రోగ్రాము కావాలంటారు? నాలుగే నాలుగు బైట్లు. ఇంగ్లీషు అక్షరాల్లో 'అమ్మ' అని రాస్తే పట్టేంత చోటు! కంప్యూటరు లెక్కలో అవి ఎఫ్, రెండు సున్నాలు, మళ్ళీ ఎఫ్‌తో మొదలవుతాయి కనక ఆ దోషానికీ అదే పేరు పడింది. సున్నాల్ని 'ఓ'లు చేసి చదివితే 'ఫూఫ్'. దీపం ఆర్పుతూ మనం ఉఫ్ మనడం వాళ్ళకెలా తెలిసిందో!

నేను బి.ఏ. దాన్ని. అడిగిందే అడిగి తెలుసుకున్నది చెబుతున్నాను. చిప్‌కి తప్పుడు ఆజ్ఞ ఇస్తే, అది వెంటనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని, అంటే ఇంటి పెత్తనం చేసే పెద్దావిడని, పిలవాలి. ఆవిడ ఆ ఒక్క ప్రోగ్రామునీ బయటికి గెంటుతుంది, మిగతా ఇల్లు చల్లగా ఉంటుంది. ఈ నాలుగు బైట్లదీ తప్పుడు ఆజ్ఞే. కాని దాని మొదట్లో 'నా పనయ్యేదాకా మెమరీ జోలికి ఎవరూ రావద్దు' అనే తాళం ఉంది. చిప్ ముందు తాళం వేసేసింది. తప్పని తర్వాత గ్రహించింది. పెద్దావిడని పిలుద్దామంటే ఆవిడ చిరునామా ఆ మెమరీలోనే ఉందాయె! ఇక అలా చూస్తూ కూచోవడమే... మళ్ళీ మొదటినుంచి స్టార్ట్ చేసేదాకా.

ఇంట్లో ఒక్కరు వాడుకునే యంత్రమైతే విసుక్కుని ఊరుకుంటాం. పదిమంది ఒకే యంత్రం మీద పనిచేసే చోట, ఏ అధికారమూ లేని కుర్రాడొకడు ఆ నాలుగు బైట్లూ నడిపితే అందరి పనీ గోవిందా! దాచుకోని పేజీలు పోతాయి. కరెంటు పోయి నవల్లో ఒక అధ్యాయం మొత్తం పోగొట్టుకున్నదాన్ని, ఆ ఏడుపు నాకు తెలుసు.

1994లో ఇదే పెంటియమ్ కొన్ని భాగహారాలు తప్పు చేస్తోందని అమెరికాలో థామస్ నైస్లీ అనే లెక్కల ప్రొఫెసరు పట్టుకున్నాడు. మొదట తేలిగ్గా తీసిపారేసిన ఇంటెల్, చివరికి అడిగినవాళ్ళకి చిప్ మార్చియిస్తామని, 47 కోట్ల 50 లక్షల డాలర్ల ఖర్చు రాసుకుంది.

ఈసారి చిప్పులు పీకక్కర్లేకపోయింది. తప్పుడు ఆజ్ఞ వస్తే వెతికే చిరునామాని కావాలనే అందకుండా పెట్టారు. చిప్ దానికోసం చెయ్యి చాపగానే వేరే అడ్డు తగులుతుంది. ఆ అడ్డు గురించి ఫిర్యాదు చెయ్యాల్సిన చిరునామా మాత్రం పక్క పేజీలో భద్రంగా ఉంటుంది. అలా పెద్దావిడకి కబురందుతుంది. దొడ్డిదారే, కాని ఎంత ముచ్చటైన దొడ్డిదారి! లినక్స్ రాసేవాళ్ళు కొద్దిరోజుల్లోనే ఈ పని చేసేశారు.

తర్వాత వచ్చిన చిప్పుల్లో ఆ దోషం లేదు. అయినా చాలా ఏళ్ళపాటు 32 బిట్ల లినక్స్‌లో ప్రాసెసరు వివరాలడిగితే, ఆ జాబితాలో 'ఎఫ్ సున్నా సున్నా ఎఫ్ దోషం: లేదు' అని ఒక వరస కనబడుతూండేది. పెళ్ళిచూపుల్లో అడక్కుండానే, 'మావాళ్ళలో ఆ జబ్బు లేదండీ' అన్నట్టు.