అచ్చోసిన ఆంబోతు

"అచ్చోసిన ఆంబోతు" అంటే మన భాషలో తిట్టు. పనీపాటా లేకుండా ఊరిమీద పడి తిరిగేవాణ్ణి అంటాం. కానీ ఆ మాట వెనక ఉన్న సంగతి వేరు. పెద్దవాళ్ళు పోయినప్పుడో, మొక్కు తీర్చుకోవడానికో ఓ మంచి కోడెదూడని ఎంచి, ఒంటిమీద అచ్చు వేసి దేవుడి పేరున వదిలేసేవాళ్ళు. అది ఎవరి చేలో పడి మేసినా కొట్టకూడదు. దానికి నాగలి కట్టకూడదు. ఊళ్ళో ఎవరి ఆవు ఎదకొచ్చినా దాటించడానికి అదే దిక్కు. అంటే ఊరంతా కలిసి మేపే షేర్డ్ సర్వర్ అన్నమాట. నెల్లూరు, ఒంగోలు ప్రాంతపు పశువులు అంత బాగుండడానికి ఈ ఆచారమే ఒక కారణమని తెల్లదొరల కాలంలో పశువుల మీద రాసినవాళ్ళు కూడా ఒప్పుకున్నారు.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది "ఎంచి" అన్న మాట. ఆంబోతుని ఎవరు ఎంచాలి? దేనికోసం ఎంచాలి? గత వందేళ్ళ పశుపోషణ చరిత్రంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగింది. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది తెలిసిన జబ్బే. రిక్వైర్‌మెంట్ ఒకడిది, డిజైన్ ఇంకొకడిది, వాడేవాణ్ణి అడిగిన పాపాన ఎవడూ పోడు.

మా వైపు సంగతి చెప్తాను. భద్రాచలం తాలూకా 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, అంటే మొదట్లో మద్రాసు ప్రెసిడెన్సీ. గోదావరి ఇవతల పాల్వంచ, బూర్గంపాడు నిజాం రాజ్యం. ఖమ్మం జిల్లా పుట్టిందే 1953లో, వరంగల్ నుంచి విడగొడితే. ఇలా ఏటికి ఇటొక సర్కారు, అటొక సర్కారు ఉండేవి. పైన శబరి, సీలేరు కలిసే చోట మోటు అనే ఊరుంది, అది ఒడిశా మల్కన్‌గిరి జిల్లా. దాని పక్కనే ఛత్తీస్‌గఢ్ కోంట. 2014లో పోలవరం కోసం మండలాలు ఆంధ్రలోకి వెళ్ళాక గీతలు మళ్ళీ మారాయి. పశువులకి ఇవేమీ పట్టవు కదా, అవి అడవిలో మేసి సాయంత్రానికి దొడ్డికి వస్తాయి.

ఈ అడవి అంచున ఉండే ఆవు చిన్నది. చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. కోయ, కొండరెడ్డి ఊళ్ళలో దాన్ని పాల కోసం పెంచింది తక్కువ. పాలు దూడకే అనే పద్ధతి ఈ అడవుల్లో, పక్కన బస్తర్‌లో చాలాకాలం నడిచింది. ఆవు దేనికయ్యా అంటే ఎద్దు కోసం, ఎరువు కోసం. ఎర్రటి ఎండలో దున్నాలి, దాణా లేకుండా బతకాలి, గోమార్లని తట్టుకోవాలి. రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్ రాస్తే ఈ మూడు లైన్లే. ఈ మూడిట్లో అది నూటికి నూరు మార్కుల పశువు.

ఇక సర్కారు వారి కథ. లిన్‌లిత్‌గో 1926-28 నాటి రాయల్ వ్యవసాయ కమిషన్‌కి అధ్యక్షుడు. 1936లో వైస్రాయి అయ్యాక మంచి ఆంబోతుల్ని దానం చెయ్యమని దేశమంతా పిలుపిచ్చాడు. 1938లో ఢిల్లీలో అఖిల భారత పశు ప్రదర్శన మొదలైంది. 1940లో మద్రాసు ప్రభుత్వం పశువుల అభివృద్ధి చట్టం చేసింది. నోటిఫై చేసిన చోట లైసెన్స్ ఉన్న ఆంబోతే ఉండాలి, మిగతావాటికి విత్తులు కొట్టించాలి. ఆలోచన మరీ చెడ్డదేం కాదు. బక్కచిక్కిన కోడె ఊళ్ళో ఆవులన్నిటినీ దాటితే వచ్చే దూడలు కూడా అలాగే ఉంటాయి మరి. కాకపోతే ఎంచే పని ఊరి చేతిలోంచి ఆఫీసు చేతిలోకి పోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1951 ప్రణాళికలో కీ విలేజ్ పథకం, 1960లలో ఇంటెన్సివ్ క్యాటిల్ డెవలప్‌మెంట్ ప్రాజెక్టులు, ఆ పైన జెర్సీ, హోల్‌స్టీన్ సూదులు. పాలసీ స్థూలంగా ఇదీ: ఒంగోలు లాంటి పేరున్న జాతిని దాని సొంత ప్రాంతంలో అలాగే ఉంచు, పేరులేని వాటిని సంకరం చెయ్యి. పేరులేని వాటికి వాళ్ళు పెట్టిన పేరు "నాన్‌డిస్క్రిప్ట్". నాకు భలే కోపం తెప్పించే మాట ఇది. డాక్యుమెంటేషన్ లేనంత మాత్రాన కోడ్ పనికిరానిదని కొట్టేస్తామా? ఎవరూ చదివి రాయలేదు, అంతే.

దీని ఫలితం ఎలా ఉంటుందో సాయినాథ్ రాసిన "ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రౌట్" (1996)లో చూడొచ్చు. మనకి పక్కనే ఒడిశాలో, అప్పటి కలహండి జిల్లా కోమ్నా ప్రాంతంలో, 1978లో సమన్విత అనే పథకం వచ్చింది. ఎంపిక చేసిన ఆవులకి జెర్సీ సూదులు వేశారు. సంకరం చెడకూడదని ఆ చుట్టుపక్కల నాటు కోడెలన్నిటికీ విత్తులు కొట్టించేశారు. రెండు కోట్ల రూపాయలు ఖర్చయ్యాక మిగిలింది ఎనిమిది గిడసబారిన సంకర కోడెలు. పాలు ఒక్క లీటరు కూడా పెరగలేదు. ఖరియార్ ఆంబోతు ఆ ఊళ్ళలో మాయమైంది. బ్యాకప్ తీసుకోకుండా పాత డేటాబేస్ డిలీట్ చేసి కొత్త రిలీజ్ ఎక్కించడం అంటే ఇదే. రోల్‌బ్యాక్ చేద్దామంటే ఏముంది, చేసేందుకు!

విచిత్రం ఏంటంటే, తర్వాత కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల బ్యూరో వాళ్ళు ఆ ఖరియార్‌ని అధికారికంగా ఒక జాతిగా గుర్తించారు. దాంతోపాటు మోటు పశువుని కూడా. మోటు జాతి మల్కన్‌గిరిది, చుట్టుపక్కల ఛత్తీస్‌గఢ్, ఆంధ్ర పల్లెల్లోనూ ఉంటుంది. అంటే నాన్‌డిస్క్రిప్ట్ అని కొట్టేసిన మా అడవి అంచు పశువులకి, చివరికి పక్క రాష్ట్రం వైపు నుంచి ఒక పేరొచ్చింది.

అందరికంటే తెలివిగా ఎంచినవాళ్ళు బ్రెజిల్ వాళ్ళు అని మనవాళ్ళు తరచూ చెప్తుంటారు. నిజమే. 1878లో ఒక బ్రెజిల్ రైతు హాంబర్గ్ జూ నుంచి ఒంగోలు జత కొనుక్కుపోయాడు. 1962లో ఆఖరి విడతగా వెళ్ళిన ఆంబోతుల్లో ఒకదాని పేరు కర్వాడి, అది ఒంగోలు పక్కన కరవది ఊరిపేరే. ఇవాళ అక్కడి మాంసపు పశువుల్లో అత్యధికం నెలోర్. వియాటినా-19 అనే నెలోర్ ఆవు 2023 వేలం లెక్కన 43 లక్షల డాలర్ల విలువ కట్టించుకుని గిన్నిస్‌కి ఎక్కింది.

కానీ వాళ్ళు కూడా మధ్యలో దారి తప్పారు. 1920-40 మధ్య బ్రెజిల్‌లో ఇందుబ్రాసిల్ అనే సంకరం మీద మోజు పుట్టింది. గిర్, కాంక్రేజ్, ఒంగోలు కలిపి చేసింది. చెవులు ఎంత పొడుగ్గా వేలాడితే ప్రదర్శనలో అంత గొప్ప. చెవులతో ఏం చేసుకుంటారండీ? ఆ మోజులో అసలు జాతులే కలిసిపోయే పరిస్థితి వచ్చింది. 1938లో ఒక్కో జాతికీ వంశావళి రిజిస్టర్లు మొదలుపెట్టి దారిలో పడ్డారు.

అమెరికా కథ ఇంకా ఘోరం. అక్కడ హెర్ఫర్డ్ దూడల పోటీల్లో ఒకప్పుడు కాళ్ళు కురచగా, ఒళ్ళు బొద్దుగా ఉన్నవే జడ్జీలకి నచ్చేవి. అలాంటి దూడలకోసం అలాంటి ఆంబోతుల్నే ఎంచుకున్నారు. ఆ ముచ్చటైన బొద్దుతనం కొన్నిటిలో మరుగుజ్జు జన్యువు ఒక కాపీ ఉండటం వల్ల వచ్చింది. రెండు కాపీలు కలిస్తే మరుగుజ్జు దూడ పుడుతుంది. ఒక్కో కాపీ మోసే జతని కలిపితే నాలుగింట ఒకటి అలా పుడుతుందని మనకి ఇంటర్ బోటనీలో మెండెల్ బఠాణీలప్పుడే చెప్పారు. 1950లకి వచ్చేసరికి మందల్లో అలాంటి దూడలు పుట్టీ పుట్టీ పేరుమోసిన వంశాలే మూతపడ్డాయి. బహుమతులు తెచ్చిన గుణమే కొంప ముంచింది. డెమోకి బాగుండే సిస్టమ్‌ని ప్రొడక్షన్‌లో పెట్టినవాళ్ళకి ఈ బాధ బాగా తెలుస్తుంది.

ఇంతకీ ఇదంతా ఇప్పుడెందుకంటే, కిన్నెరసాని పక్కన ఊళ్ళో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఈమధ్య ఫోన్ చేసి ఒక ప్రశ్న అడిగాడు. "తమ్ముడూ, నా దగ్గర జెర్సీ క్రాస్ ఆవులు రెండున్నయి. మళ్ళీ ఎదకొచ్చినయి. ఇప్పుడు దేంతో సూది వేయించాలె?" నిజంగా కష్టమైన ప్రశ్న అది. మొదటి తరం సంకరం ఎప్పుడూ బాగుంటుంది. నాటు తల్లి ఓర్పు, జెర్సీ తండ్రి పాలు, పైగా సంకరబలం. అసలు పరీక్ష రెండో తరంలోనే. మళ్ళీ జెర్సీ వేయిస్తే దూడలో ముప్పాతిక విదేశీ రక్తం. పాలు రావచ్చు, కానీ ఎండకి రొప్పుతుంది, గోమార్లతో వచ్చే థైలీరియా జ్వరానికి పడిపోతుంది, దాణా లేకపోతే నిలవదు. సంకర ఆంబోతుతోనే వేయిస్తే సగం సగమే నిలుస్తుంది గానీ ఏ దూడ ఎలా వస్తుందో చెప్పలేం. నాటుతో వేయిస్తే పాలు తగ్గుతాయి, ఓర్పు పెరుగుతుంది.

దీన్ని పట్టుబట్టి సాధించినవాళ్ళూ ఉన్నారు. టెక్సాస్ కింగ్ రాంచ్ వాళ్ళు షార్ట్‌హార్న్ ఆవుల్ని మన దేశపు రక్తం ఉన్న బ్రాహ్మన్ ఆంబోతులతో కలిపి, 1920లో పుట్టిన మంకీ అనే ఒక్క ఆంబోతు చుట్టూ శాంటా గెర్ట్రూడిస్ జాతిని కట్టారు. 1940లో దానికి గుర్తింపు వచ్చింది. అయిదు ఎనిమిదో వంతులు షార్ట్‌హార్న్, మూడు ఎనిమిదో వంతులు బ్రాహ్మన్. సగానికీ ముప్పాతికకీ సగటు తీస్తే అయిదు బై ఎనిమిది వస్తుంది, లెక్క అంతే. కానీ అందుకు వేల ఎకరాల మేత, వేల ఆవులు, ఇరవై ఏళ్ళ ఓపిక, నచ్చని దూడని తీసేసే స్థోమత కావాలి. రెండావుల రైతుకి ప్రతి దూడా ప్రొడక్షనే. టెస్ట్ సర్వర్ అంటూ వేరే ఉండదు.

అందుకే మా అన్నకి ఆంబోతు పేరు చెప్పలేదు, తిరిగి మూడు ప్రశ్నలు అడిగాను. పచ్చిగడ్డి ఏడాదంతా ఉందా? పాలు పోసే కేంద్రం ఎంత దూరం? పశువుల డాక్టరు పిలిస్తే ఆ రోజే వస్తాడా? మూడిటికీ అవునంటే జెర్సీ రక్తం సగం దగ్గర నిలిపే సంకర ఆంబోతు చూసుకో. అడవికి తోలి మేపేదే అయితే నాటు వైపు మళ్ళు అన్నాను. వాడు నవ్వి, "డాక్టరు సంగతి నువ్వే చెప్పాలె" అన్నాడు.

2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవుజాతి పశువులు 19 కోట్ల పైచిలుకు. అందులో విదేశీ, సంకర పశువులు 5 కోట్లు దాటి, అంతకుముందు గణన కంటే దాదాపు 27 శాతం పెరిగాయి. నాటువి 6 శాతం తగ్గాయి. పట్నానికి పాలు కావాలి, నేనూ తాగుతున్నాను, కాబట్టి సంకరం తప్పని అనను. నా గొడవల్లా ఒక్కటే. డెల్టాలో బోరు, గడ్డి, డెయిరీ ఉన్న రైతుకి రాసిన స్పెసిఫికేషన్‌ని తీసుకొచ్చి అడవి అంచు ఊరి మీద కాపీ పేస్ట్ చెయ్యకూడదు. సూది వెయ్యండి, పర్లేదు. ఊరికో మంచి నాటు ఆంబోతుని మాత్రం ఉంచండి. ఏది మంచిదో ఊళ్ళో పశువులు కాసేవాణ్ణి అడిగి ఎంచండి. దానికి అయ్యే మేత ఖర్చు మన ఆఫీసుల్లో ఒక నెల క్లౌడ్ బిల్లు ముందు ఏపాటిది?