ఇసుక రేఖలలో వెలసిన గణితము

పలుచని ఇత్తడి పలక నొకదానిని నడుమ గట్టిగా బిగించి, దానిపై సన్నని ఇసుకను సమముగా చల్లి, పలక అంచును ఫిడేలు కమానుతో రాచినచో నొక వింత కానవచ్చును. పలక పాడును, ఇసుక ఆడును. క్షణములో ఇసుక యంతయు కొన్ని గీతలపైకి చేరి, ముంగిటి ముగ్గువలె నిండైన ఆకృతి నొకదానిని ఏర్పరచును. కంపించు భాగములు ఇసుకను త్రోసివేయును. కదలక నిలిచిన రేఖలు దానిని పట్టి యుంచును. అంచును వ్రేలితో మరియొకచోట తాకి కమానును మరల రాచినచో స్వరమును మారును, ముగ్గును మారును.

ఈ ప్రయోగమును ప్రసిద్ధికి తెచ్చినవాడు జర్మనీ దేశీయుడైన క్లాడ్ని. అతడు 1808 తుదిలో పారిసు నగరమునకు వచ్చి, మరుసటి యేడు నెపోలియన్ చక్రవర్తి సమక్షమున దీనిని ప్రదర్శించెను. చక్రవర్తి విస్మయమంది, ఈ ఆకృతులకు గణితరీత్యా కారణము చెప్పినవారికి మూడువేల ఫ్రాంకుల విలువగల పతకము నొసగుటకు సమ్మతించెను. ఫ్రెంచి విజ్ఞానపరిషత్తు 1809లో పోటీని ప్రకటించెను.

ఆనాడు లగ్రాంజి, లాప్లాసు, లెజాండ్రు వంటి మేటి గణితవేత్తలు పారిసులోనే యుండిరి. తీగ యెట్లు మ్రోగునో వారికి తెలియును. కాని తీగ ఒక్క దిక్కున సాగు వస్తువు. పలక రెండు దిక్కుల వ్యాపించి, ఒక్కొక్క దిక్కున ఒక్కొక్క తీరుగా వంగును. అప్పటి గణితసాధనములు ఇందుకు చాలవని లగ్రాంజి యభిప్రాయపడుటచే పలువురు వెనుకంజ వేసిరని చెప్పుదురు. 1811లో గడువు ముగియునప్పటికి పరిషత్తునకు ఒకే యొక వ్యాసము చేరెను. దానిపై రచయిత పేరు లేదు. వ్రాసినది సోఫీ జెర్మేన్ అను ముప్పదియైదేండ్ల స్త్రీ.

ఆమె 1776 ఏప్రిల్ 1న పారిసులో ఒక పట్టువర్తకుని యింట జన్మించెను. 1789లో విప్లవము చెలరేగి వీథులు భయంకరములు కాగా, పదమూడేండ్ల ఆ బాలిక తండ్రి గ్రంథాలయమున కాలము గడపెను. అచ్చట ఆర్కిమిడీస్ మరణగాథ ఆమె కంటబడెను. ఆ మహనీయుడు ఇసుకలో గీచిన రేఖాచిత్రమునందు మునిగి, రోమను సైనికుని మాటకు బదులీయక ప్రాణము కోల్పోయెనట! ప్రాణభయమును సైతము మరపించు శాస్త్రమును తానును నేర్వవలెనని ఆమె నిశ్చయించుకొనెను. ఆడపిల్లకు గణితమేలయని తల్లిదండ్రులు రాత్రులందు దీపమును, చలిమంటను తీసివేసిరి. ఆమె దాచిన క్రొవ్వువత్తుల వెలుగున, దుప్పట్లు కప్పుకొని చదివెను. బుడ్డిలో సిరా గడ్డకట్టిన రాత్రులును కలవట. తుదకు తల్లిదండ్రులే ఓడిరి.

1794లో స్థాపితమైన పాలిటెక్నిక్ విద్యాలయమున స్త్రీలకు ప్రవేశము లేదు. సోఫీ అచ్చటి పాఠముల వ్రాతప్రతులను సంపాదించి చదివి, లబ్లాన్ అను విద్యార్థి పేరుతో తన పరిశీలనలను లగ్రాంజికి పంపెను. నిజము తెలిసిన పిదప ఆయన ఆమెను మెచ్చుకొని ప్రోత్సహించెను. ఆ మారుపేరుతోనే 1804 నుండి జర్మను గణితసార్వభౌముడు గౌసునకు సంఖ్యాశాస్త్రముపై లేఖలు వ్రాసెను. 1807లో అసలు సంగతి తెలిసికొన్న గౌసు ఆమె ధైర్యమును, ప్రతిభను వేనోళ్ళ కొనియాడెను.

ఇక పలక మాటకు వత్తము. సోఫీ ఊహ యేమి? వంగిన పలకపై ఒక బిందువును ఎన్నుకొనుడు. అచ్చట మిక్కిలి యెక్కువగా వంగు దిక్కొకటి, మిక్కిలి తక్కువగా వంగు దిక్కొకటి కలవు. అవి రెండును ఒకదానికొకటి లంబములు. ఆ రెండు వక్రతల మొత్తము ఎంత మారినదో, పలక తన పూర్వరూపమునకు మరలుటకు చూపు బలము అందుకు తగినట్లుండునని ఆమె భావించెను. ఊహ అమోఘము, కాని దానినుండి సమీకరణమును రాబట్టుటలో ఆమె పొరబడెను. న్యాయనిర్ణేతలలో ఒకడైన లగ్రాంజి ఆ పొరపాటును గుర్తించి, ఆమె ఊహనుండియే సరియైన సమీకరణమును సాధించెను. బహుమానము మాత్రము ఎవరికిని దక్కలేదు. గడువు రెండేండ్లు పొడిగింపబడెను.

1813లో మరల ఒకే వ్యాసము, మరల ఆమెదే. ఈసారి ప్రశంసావాక్యము మాత్రము లభించెను. గడువు మరల పొడిగింపబడెను. ఈలోగా, పరిషత్తు సభ్యుడగుటచే పోటీకి అర్హత లేని పువాసోన్ 1814లో అణువుల పరస్పరబలములు ఆధారముగా తన సిద్ధాంతమును పరిషత్తున చదివెను. సోఫీ వెనుదీయలేదు. మూడవమారును ఆమె వ్యాసమొక్కటే వచ్చెను. 1816 జనవరి 8న బహుమతి ఆమెదని ప్రకటింపబడెను. అయితే మూలసూత్రమునకు ఉపపత్తి చాలదను ఆక్షేపణ దానివెంటనే యుండెను. ఆమె ఆ సభకు వెళ్ళలేదు. 1821లో తన పరిశోధనను స్వంత వ్యయముతో అచ్చువేయించెను.

ఆమె దోషములను దాచ నవసరము లేదు. పలక అంచులవద్ద పాటింపవలసిన నియమములు 1850లో కిర్ఖాఫ్ చేతనే చక్కబడినవి. కాని ఆ దోషములకు కారణము మేధాలోపము కాదు, మూసిన తలుపు. ఇతరులు తరగతిలో గురువు దిద్దగా నేర్చినదానిని ఆమె ఒంటరిగా తడవుకొని నేర్చెను. ఆమెకు పొగడ్త దొరకెను గాని, తప్పును ముఖముననే చెప్పు సహాధ్యాయి దొరకలేదు. పరిషత్తు సమావేశములకు సభ్యుల భార్యలు తప్ప అన్య స్త్రీలు రాగూడదు. ఫూరియే కార్యదర్శియైన పిదప, ఆయన చొరవతో ఆమెకు ఆ ద్వారము తెరచుకొనెను. అప్పటికి బహుమతి పొంది చాలయేండ్లు గడచినవి.

1821, 1822 సంవత్సరములలో నవియే, కోషీ అను పండితులు ఘనవస్తువుల స్థితిస్థాపకతకు గట్టి పునాదులు వేసిరి. పదార్థమును ఎడతెగని ఒకే వస్తువుగా భావించి, దానియందలి బలములను లెక్కించు శాస్త్రము అట్లు పెంపొందెను. సోఫీ చెప్పిన వక్రతల మొత్తము ఆ శాస్త్రమునను, రేఖాగణితమునను నేటికిని నిలిచియున్నది.

1831 జూన్ 27న రొమ్ము క్యాన్సరు వ్యాధితో ఆమె మరణించెను. మరణపత్రమున ఆమె వృత్తి గణితవేత్త యని వ్రాయలేదు. ఆస్తిపై వచ్చు రాబడితో జీవించు స్త్రీ యని వ్రాసిరి. 1889లో ఈఫిల్ గోపురము లేచినప్పుడు దానిపై డెబ్బదిరెండుగురు శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల పేర్లను చెక్కిరి. లగ్రాంజి, పువాసోన్, నవియే, కోషీ అందరును అందుండిరి. సోఫీ పేరు లేదు. ఇనుపకంబీల స్థితిస్థాపకతయే ఆధారమైన కట్టడమది! తరువాతి కాలమున పారిసులో ఒక వీథికి ఆమె పేరిడిరి. 2003 నుండి ఫ్రెంచి విజ్ఞానపరిషత్తు ఆమె పేరిట గణితమున బహుమానము నిచ్చుచున్నది.

మీ యింట రేడియో పాడుచుండగా దాని ముందుభాగముపై మెల్లగా చేయి యుంచి చూడుడు. లోపలి పలుచని పొర అదరుట వ్రేళ్ళకు తెలియును. అట్టి అదురునకును లెక్క కలదని నమ్మి, మూడుమార్లు ఒంటరిగా పోటీకి నిలిచిన యొక స్త్రీని ఆ క్షణమున తలచుకొనుడు. మీ యింటిలో ఏ బాలికయైన రాత్రి ప్రొద్దుపోవువరకు లెక్కలు చేయుచుండినచో, దీపమును ఆర్పకుడు.